ఫోకస్ రింగ్ లేదని వెక్కిరించేవాళ్ళకు

ఇప్పుడే చూశాను. ఒళ్ళు మండిపోతోంది. చల్లారాక రాస్తే మర్యాదగా వస్తుందేమో, కానీ మర్యాదగా రాయాలని లేదు.

ఎవరో ఒక కె-20 ఏరియల్ కెమెరాను (రెండో ప్రపంచ యుద్ధంలో విమానంలోంచి నేలను ఫొటోలు తీయడానికి చేతిలో పట్టుకుని వాడినది) టేబుల్ ల్యాంపుగా మార్చి ఫొటో పెట్టారు. లెన్స్ పీకేసి ఆ ఖాళీలో బల్బు బిగించారు. వెనక బాడీకి డ్రిల్లుతో రంధ్రం వేసి వైరు బయటికి లాగారు. కింద మెచ్చుకోళ్ళు కుప్పలు తెప్పలు. అది చాలదన్నట్టు ఒక పెద్దమనిషి తీర్పు చెప్పాడు: "మంచి పని చేశారు. ఎలాగూ పనికిమాలిన కెమెరా. ఫోకస్ రింగ్ కూడా లేదు, షట్టర్ స్పీడ్లు మూడే." ఆయనకు వంతపాడేవాళ్ళు ఇంకో పాతికమంది.

ఫోకస్ రింగ్ అంటే, దగ్గరా దూరాన్ని బట్టి బొమ్మ స్పష్టంగా వచ్చేలా లెన్స్ మీద తిప్పే చుట్టు. ఆకాశంలోంచి నేలను తీసే కెమెరాకు అది దేనికండీ? దాని లెన్స్ ఫోకల్ లెంగ్త్ 161 మిల్లీమీటర్లు, ఎపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే కంత) ఎఫ్/4.5. వంద, నూటయాభై మీటర్లు దాటిందంటే ఈ లెన్స్‌కు అన్నీ అనంత దూరంలో ఉన్నట్టే. విమానం ఎగిరేది దానికి ఎన్నో రెట్ల ఎత్తున. ఇక తిప్పడానికి ఏం మిగిలింది? రింగ్ పెట్టి ఉంటే ఇంజిన్ల అదురుకి అది కాస్త జారేది, కిందికి దిగి ఫిల్మ్ కడిగితే రోలంతా మసక. అంత కష్టపడి తీసుకొచ్చింది బూడిదపాలు. అందుకే ఫ్యాక్టరీలోనే అనంతానికి సరిచూసి లెన్స్‌ను కదలకుండా బిగించేశారు. పాత కెమెరాల్లో లెన్స్ వెనక ఉండే మడతల తోలు గొట్టం, బెల్లోస్, పెట్టకపోవడానికీ కారణం ఉంది. తెరిచిన కిటికీలోంచి కొట్టే గాలికి మడతల తోలు వణుకుతుంది. గట్టి లోహపు బాడీ వణకదు. ఫెయిర్‌చైల్డ్ కంపెనీ, అంటే దీన్ని డిజైన్ చేసినవాళ్ళు, వాళ్ళ ఇంజినీర్లకు రింగ్ పెట్టడం చేతకాక మానేశారని అనుకుంటున్నారా? రింగ్ వల్ల వచ్చే తంటా తెలిసే మానేశారు.

షట్టర్ స్పీడ్ల సంగతి. షట్టర్ తెరిచి ఉండే సమయాలు అవి. ఉన్నవి సెకనులో 1/125, 1/250, 1/500 వంతు. ఇంతకన్నా నెమ్మదైనవి ఎందుకు లేవని అడిగే ముందు కాగితం మీద నాలుగు అంకెలు వేసి చూడండి. గంటకు 360 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం సెకనుకు 100 మీటర్లు కదులుతుంది. 1/500లో తీసినా ఆ రెప్పపాటులో 20 సెంటీమీటర్లు జరిగిపోతుంది. 1/125లో అయితే 80 సెంటీమీటర్లు. వెయ్యి మీటర్ల ఎత్తు నుంచి ఈ లెన్స్‌తో తీస్తే ఆ 80 సెంటీమీటర్లు ఫిల్మ్ మీద మిల్లీమీటరులో ఎనిమిదో వంతు అలుకుడుగా పడతాయి. అంటే 1/125 అనేదే తప్పనిసరైతే తప్ప వాడకూడని స్పీడు. 1/30 పెట్టి ఉంటే దాన్ని పొరపాటున ఎవడో ఒకడు తిప్పేవాడు, ఫొటోలన్నీ పోయేవి. తప్పు చేసే దారినే మూసేశారు. దాన్ని మెచ్చుకోవాల్సింది పోయి లోపం అంటారా?

ఒక్కసారి చేతిలోకి తీసుకున్నవాడెవడూ ఆ మాట అనడు. నేను తీసుకున్నాను కాబట్టి చెప్తున్నాను. సుమారు ఐదు కిలోల బరువు ఉంటుంది, కానీ పిడులు పట్టుకోగానే ఆ బరువు చేతుల మీద సమంగా పడుతుంది. ట్రిగ్గర్ దగ్గర వేలికి ఎంత చోటు వదిలారో చూడాలి. మందపాటి గ్లౌజు వేసుకున్న వేలు సునాయాసంగా దూరిపోతుంది. ఆరు వేల మీటర్ల ఎత్తులో ఉష్ణోగ్రత మామూలుగా మైనస్ 24 డిగ్రీల దగ్గర ఉంటుంది. అక్కడ గ్లౌజు తీస్తే వేళ్ళు కొయ్యబారిపోతాయి. చిన్న చిన్న బటన్లు, వేలి కొనతో తిప్పే డయల్స్ అక్కడ చెల్లవు. ఫొటో తీశాక లీవరు ఒక్క ఊపు ఊపితే ఫిల్మ్ జరుగుతుంది, షట్టర్ కూడా బిగుసుకుంటుంది. చూపు నేల మీంచి తిప్పనక్కర్లేదు. ఈ రోజుల్లో కొత్త కెమెరాల మెనూల్లో ఒక సెట్టింగ్ వెతకడానికి పట్టే టైములో ఆ మనిషి నాలుగు ఫొటోలు తీసి ఉండేవాడు. ఈ మెనూల మీద ఎప్పుడో విడిగా రాస్తాను, ఇప్పుడు మొదలుపెడితే తెల్లారుతుంది.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసేది ఆ వాక్యూమ్ ఏర్పాటు. ఆ ఫిల్మ్ ఐదుంబావు అంగుళాల వెడల్పు రోల్. ఒక్కో ఫొటో 4×5 అంగుళాలు. రోలుగా చుట్టి ఉన్న అంత వెడల్పు ఫిల్మ్ విప్పగానే చదునుగా కూర్చోదు, మధ్యలో ఉబ్బుతుంది, అంచుల్లో వంగుతుంది. మిల్లీమీటరులో మూడో వంతు లేచినా ఎఫ్/4.5 దగ్గర ఆ చోట మసక తప్పదు. ఫోకస్‌ను ఫ్యాక్టరీలో ఎంత కచ్చితంగా బిగించినా ఫిల్మ్ తన చోట తాను లేకపోతే ఏం లాభం? అందుకని ఫిల్మ్ వెనక గాలిని పీల్చేసి దాన్ని ప్లేటుకి అతుక్కునేలా చేశారు. కరెంటు లేదు, బ్యాటరీ లేదు. 1940ల్లో, చేతిలో పట్టుకునే డబ్బాలో, యుద్ధ కాలపు హడావిడిలో వేల సంఖ్యలో తయారుచేస్తూ ఈ పని చేశారు. 1941 నుంచి 1945 వరకు ఫెయిర్‌చైల్డ్ డిజైన్‌తో గ్రాఫ్లెక్స్ కంపెనీ వాళ్ళు అమెరికాలోని రోచెస్టర్‌లో దాదాపు 15,000 కె-20లు చేశారు. ఆ ల్యాంపు మనిషి డ్రిల్లు దింపింది సరిగ్గా ఆ వెనక భాగంలోనే. ఫొటో పెద్దది చేసి చూశాను. చూడకుండా ఉండాల్సింది.

షెర్మన్ ఫెయిర్‌చైల్డ్ పేరు ఎంతమందికి తెలుసు? ఫిల్మ్ ముందు పరదాలా చీలిక జరిగే షట్టర్‌తో పెద్ద సైజు ఫిల్మ్ మీద ఫొటో తీస్తే, ఆ చీలిక ఈ అంచు నుంచి ఆ అంచుకు వెళ్ళేలోపే విమానం జరిగిపోయి బొమ్మ వంకర తిరుగుతుంది. ఆ వంకర బొమ్మలతో మ్యాపు గీయలేరు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత షట్టర్‌ను లెన్స్ గాజుల మధ్యలో పెట్టి ఫిల్మ్ అంతటికీ ఒకేసారి వెలుతురు పడేలా చేసినవాడు ఆయన. 1920లో కంపెనీ పెట్టాడు. చంద్రుడి చుట్టూ తిరుగుతూ మ్యాపింగ్ ఫొటోలు తీసిన అపోలో 15, 16, 17 కెమెరాలూ ఆ కంపెనీవే. చంద్రుడనగానే అందరూ అక్కడికి వెళ్ళినవాళ్ళు వాడిన స్వీడన్ కెమెరా హాసెల్‌బ్లాడ్ అంటారు. సరే, విక్టర్ హాసెల్‌బ్లాడ్ మొదట చేసిన కెమెరా ఏమిటి? 1941లో స్వీడన్ వైమానిక దళం కోసం చేసిన హెచ్‌కె-7, ఏరియల్ కెమెరా! ఆ పేరు చెప్పుకుని మురిసిపోయేవాళ్ళు ఆ వంశానికే మూలమైన కెమెరాలను తుక్కు కింద లెక్కగడతారు.

కె-20 అనగానే "ఓ, బాంబు కెమెరానా" అనేవాళ్ళూ ఉన్నారు. అవును, 1945 ఆగస్టు 6న అణుబాంబు వేసిన విమానం ఎనోలా గే తోక భాగంలోంచి అక్కడి గన్నర్ జార్జ్ కారన్ హిరోషిమా మీద లేచిన మేఘాన్ని తీసింది కె-20తోనే. ఆ ఫొటో చూస్తే నాకూ కడుపులో దేవినట్టవుతుంది. ఆ మేఘం కింద ఉన్నది మనుషులు. ఆ బాధ నిజం. అంత మాత్రాన కెమెరా చరిత్రంతా ఆ ఒక్క ఫొటోలో ముగిసిపోదు. నిజానికి ఆ రోజు ఏం జరిగిందో లోకం కళ్ళకు కట్టింది ఈ డబ్బా కాబట్టే దీన్ని ఒళ్ళు దగ్గర పెట్టుకుని కాపాడాలి. ల్యాంపు చేసి గెస్ట్ రూములో పెట్టుకునే వస్తువా అది?

ల్యాంపుల కన్నా నాకు పాత పగ ఉన్నది ఏరో ఎక్టార్ అనే లెన్స్ కోసం వేటాడేవాళ్ళ మీద. ఇది ఎన్నాళ్ళ నుంచో కడుపులో ఉంది, ఇవాళ కక్కేస్తున్నాను. కొడాక్ చేసిన ఏడంగుళాల ఎఫ్/2.5 లెన్స్ అది. రాత్రిపూట విమానంలోంచి ఫ్లాష్ బాంబు వెలుగులో ఫొటోలు తీయడానికి అంత పెద్ద ఎపర్చర్ పెట్టారు. గాజులో థోరియం కలిపారు, ఆ రేడియోధార్మికతకు ఏళ్ళు గడిచేకొద్దీ గాజు పసుపు, గోధుమ రంగులోకి తిరుగుతుంది. ఇప్పుడు పోర్ట్రెయిట్లలో వెనకంతా వెన్నలా కరిగిపోవాలని కె-24 లాంటి కెమెరాల నుంచి ఆ లెన్స్ పీకేస్తున్నారు. పీకి మామూలు ప్రెస్ కెమెరాకు (ఒకప్పుడు పత్రికల ఫొటోగ్రాఫర్లు వాడినదానికి) తగిలిస్తారు. ఫొటోలు బాగుంటాయి, కాదనను. మరి మిగిలిన బాడీ? ఫిల్మ్ మ్యాగజైన్? గేర్లు? అవన్నీ తుక్కులోకి. లెన్స్ అమ్మకానికి పెట్టిన ప్రతి చోటా అడుగుతుంటాను, దీని బాడీ ఏదండీ అని. "అదెందుకు?" అనే జవాబు వినీ వినీ విసుగొచ్చింది.

ఎందుకో చెప్తాను. ఇలాంటి కెమెరాలో లెన్స్, బాడీ ఒకదానికొకటి సరిచూసి కుదిర్చిన జత. ఏ లెన్స్‌కు ఎంత దూరంలో ఫిల్మ్ ఉండాలో ఆ బాడీయే నిర్ణయిస్తుంది. ఆ దూరం ఆ లోహంలోనే ఉంది. ఒక్కసారి విడదీసి పారేస్తే ఆ జత పోయినట్టే. చెడిపోయిన కె-20 ఒకటి బాగుచేయాలంటే ఇంకో కె-20 గేరు కావాలి, ఫిల్మ్ చుట్టే స్పూలు కావాలి, కొత్తవి ఎవరూ తయారుచేయడం లేదు. సరైన రోల్ ఫిల్మ్ దొరక్కపోయినా, చీకట్లో ఒక్కొక్క 4×5 షీటు పెట్టుకుని ఈ కెమెరాలతో ఇప్పటికీ ఫొటోలు తీసేవాళ్ళు ఉన్నారు.

కాబట్టి మీ దగ్గర లెన్స్ పీకేసిన బాడీ ఏదైనా మూలన పడి ఉంటే, తుక్కుకి వేయకండి, డ్రిల్లు పెట్టకండి. బాగుచేసేవాళ్ళకు ఇచ్చేయండి. కనీసం స్పూళ్ళు, లీవరు, వెనక ప్లేటు విప్పి ఇవ్వండి. ల్యాంపే కావాలంటే అంగట్లో బోలెడు దొరుకుతాయి.