అద్దెకిచ్చే హాలు కాదు, అభ్యాసం చేసే గది

పారిస్‌లో సెన్ నది ఎడమ ఒడ్డున, బోజార్ కళా విద్యాలయం ఆవరణలో ఉన్న పెతీ ఒగుస్తాన్ ప్రార్థనాలయం ఎన్ని చేతులు మారిందో దాని ముఖద్వారమే చెబుతుంది. ప్రాచీన గ్రీకు శైలులైన డోరిక్ కింద, అయోనిక్ మధ్యలో, కొరింథియన్ పైన, ఇలా స్తంభాలతో మూడంతస్తులుగా లేచిన ఆ రాతిపని ఈ కట్టడానిది కాదు. 16వ శతాబ్దంలో వాస్తుశిల్పి ఫిలిబెర్ ద లోర్మ్ ఆనె కోట కోసం కట్టిన దానిని విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు.

17వ శతాబ్దం తొలినాళ్లలో రాణి మార్గరెట్ ద వాల్వా స్థాపించిన మఠంలో భాగం ఈ ప్రార్థనాలయం. ఫ్రెంచి విప్లవకాలంలో ఆ మఠం, చర్చిల నుంచి స్వాధీనం చేసుకున్న శిల్పాలకు గోదాముగా మారింది. అలెగ్జాండర్ లెన్వార్ 1795లో ఆ గోదామునే మ్యూజియంగా తెరిచి, రాజుల సమాధి శిల్పాలను శతాబ్దాల వారీగా అమర్చాడు. 1816లో మ్యూజియం మూతపడింది. స్థలం కళా విద్యాలయానికి దక్కింది.

నా దృష్టిలో ఈ కట్టడానికి దక్కిన అత్యుత్తమ వినియోగం ఆ తరువాతదే. 1833లో మంత్రి తియేర్ పురమాయింపుపై చిత్రకారుడు గ్జావియే సిగలాన్ రోమ్‌కు వెళ్లి, అక్కడి సిస్టీన్ చాపెల్ గోడపై మైకెలాంజెలో గీసిన ‘అంతిమ తీర్పు’ను భారీ కాన్వాసుపై తిరిగి చిత్రించాడు, 1837లో ఆ నగరంలోనే కలరాతో మరణించాడు. ఆ చిత్రం నేటికీ ప్రార్థనాలయం చివరి గోడను నింపుతోంది. దాని ముందు ఇటలీ శిల్పి గిబెర్టి చేసిన కంచు తలుపులు, మైకెలాంజెలో శిల్పాలు ప్లాస్టర్ అచ్చులుగా కొలువుదీరాయి. నకలంటే మనకు చిన్నచూపు. కానీ సిస్టీన్ చాపెల్‌లో జనప్రవాహం మధ్య తలెత్తి చూసి కదిలిపోవలసిన విద్యార్థి, ఇక్కడ బొగ్గుముక్క పట్టుకొని కూర్చుని, మెలితిరిగిన ఒక భుజం ఎక్కడ కుంచించుకుందో, ఎక్కడ ముందుకు పొడుచుకొచ్చిందో గీసి, చెరిపి, మళ్లీ గీయవచ్చు. చూసి దిద్దడం ద్వారానే చేతికి పని పట్టుబడుతుంది. సొంత శైలి కోసం మొదటి ఏడాది నుంచే విద్యార్థిని తొందరపెట్టే నేటి కళావిద్య ఈ సాధనను పక్కకు నెట్టి తీరని నష్టం చేసుకుంటోంది.

పాత రాయికి, పాత ప్లాస్టర్‌కు మరమ్మతులు ఖరీదైనవని, ఫ్యాషన్ ప్రదర్శనలకో విందులకో అద్దెకిస్తే ఆ ఖర్చు గడుస్తుందని వాదించేవారున్నారు. డబ్బు అవసరాన్ని ఎవరూ కాదనలేరు. అయితే వేదికలు, దీపాల స్తంభాలు దించే ప్రతిసారీ అచ్చుల పక్క నుంచి విద్యార్థులు లేచిపోవలసి వస్తే, మరమ్మతు చేసింది ఎవరి కోసమన్న ప్రశ్నకు జవాబుండదు.

మఠాన్ని మళ్లీ మఠం చేయమని నేను కోరడం లేదు. సమకాలీన చిత్రకారుల ప్రదర్శనలకూ అభ్యంతరం లేదు, అవి ఆ నకళ్లతో సంభాషించేవైతే. అద్దె ఆదాయమే కావాలంటే అదే ఆవరణలో అద్దాల కప్పు కింద విశాలమైన పాలే దెజెత్యూద్ (అధ్యయన భవనం) ప్రాంగణం ఉంది. వేడుకలను అక్కడికి మళ్లించి, ప్రార్థనాలయాన్ని తరగతులు నడిచే రోజులన్నింటా విద్యార్థులకే వదిలిపెట్టాలి.