సవరణ: ఆరో వేలు గురించి రాసిన తప్పు

మొన్న ఆరు వేళ్ళతో పుట్టే పిల్లల గురించి రాస్తూ, కొన్ని కుటుంబాల్లో అది ఎల్ఎంబీఆర్1 అనే జన్యువు చెడటం వల్ల వస్తుందనీ, జన్యువుల్ని నడిపే డీఎన్ఏ స్విచ్ ఏదైనా పక్కనున్న జన్యువునే నడుపుతుందనీ అన్నాను. రెండూ తప్పే.

మార్పు ఆ జన్యువు లోపలే కనిపిస్తుంది, నేను పప్పులో కాలేసింది అక్కడే. అక్కడ జెడ్ఆర్ఎస్ అనే చిన్న డీఎన్ఏ ముక్క ఉంటుంది, అదే ఇక్కడి స్విచ్, అది తానున్న ఇంటిని పట్టించుకోకుండా దాదాపు 10 లక్షల డీఎన్ఏ అక్షరాల అవతల ఉన్న సోనిక్ హెడ్జ్‌హాగ్ జన్యువును నడుపుతుంది (అవును, వీడియో గేమ్ పేరే). అందులో ఒక్క అక్షరం మారినా ఆ జన్యువు బొటనవేలి వైపు కూడా వెలిగి అదనపు వేలు మొలవొచ్చు. ఎలుకల్లో ఆ ముక్కను పూర్తిగా తీసేస్తే కాళ్ళే సరిగా పెరగవు.

అంత దూరం ఎలా అంటే, 2 మీటర్ల డీఎన్ఏ మిల్లీమీటరులో నూరో వంతు ఉండే కణ కేంద్రకంలో మడతలు పడి ఉంటుంది, కుచ్చిళ్ళు పోస్తే చీరలో ఎక్కడెక్కడి అంచులో ఒకచోటికి చేరినట్టు. కొహెసిన్ అనే ఉంగరం లాంటి ప్రోటీన్ డీఎన్ఏను లాగుతూ మెలికలు వేస్తుంది, సీటీసీఎఫ్ అనే ఇంకో ప్రోటీన్ అడ్డొచ్చినచోట ఆగుతుంది.

ఇంకొకటి. కొహెసిన్ లేకపోతే జన్యువులన్నీ మూగబోతాయని కూడా రాసేశాను. అదీ అతిశయోక్తే! 2017లో పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో దాన్ని తీసేసి చూస్తే ఆ మెలికలు మాయమయ్యాయి, ఎక్కువ జన్యువులు మాత్రం కొన్ని గంటల్లో పెద్దగా మారలేదు. పాత పోస్టులో ఆ వాక్యాలు కొట్టేశాను.