జెండా ఊపితే సరిపోదు

కాన్పు తర్వాత తీవ్ర రక్తస్రావం మొదలైతే, వైద్యం అందని తల్లి రెండు గంటల్లోనే ప్రాణాలు కోల్పోవచ్చు. అంబులెన్సు వాగు అవతలే ఆగిపోయే ఊళ్లలో ఆ రెండు గంటలూ ఆమెను రోడ్డెక్కించడానికే చాలవు. బైకు అంబులెన్సు అక్కరకొచ్చేది ఇక్కడే. ఆఫ్రికా దేశం మలావీలోని మంగోచీ జిల్లాలో సైడ్‌కారు (రోగిని ఎక్కించుకునే, పక్కన ఒంటి చక్రమున్న తొట్టి) తగిలించిన బైకులను మారుమూల ఆరోగ్య కేంద్రాల వద్దే ఉంచారు. పెద్దాసుపత్రికి చేరడంలో జాప్యం కేంద్రాన్ని బట్టి రెండు నుంచి నాలుగున్నర గంటలు తగ్గిందని 2008లో వెలువడిన అధ్యయనం తేల్చింది. అప్పట్లో బండి ధర కారు అంబులెన్సులో 19వ వంతు. ఏడాది నిర్వహణ ఖర్చు దాదాపు 24వ వంతు.

చౌక అన్న మాటే ఇలాంటి పథకాల కొంప ముంచుతుంది. బండ్లు కొనడానికి నిధులు దొరుకుతాయి, క్లచ్ ప్లేట్లకు దొరకవు. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు మొదటి గేరులో సగం క్లచ్ మీద నడపక తప్పదు కాబట్టి ప్లేట్లు త్వరగా కాలిపోతాయి. గతుకులకు స్పోకులు, సైడ్‌కారు బోల్టులు వదులవుతాయి, చైను సాగుతుంది. డ్రైవరుకు శిక్షణ లేకపోతే అసలు ప్రమాదం ఖాళీగా వెళ్లేటప్పుడే పొంచి ఉంటుంది: సైడ్‌కారు ఉన్న వైపు వేగంగా మలుపు తిప్పితే దాని చక్రం గాల్లోకి లేస్తుంది. ఖాళీ సైడ్‌కారులో ఇసుక బస్తా వేసుకోవడం దీనికి తేలికైన విరుగుడు. ఒంటి కాలిబాటలో సైడ్‌కారు పట్టదు. వెనుక ఆనుడు సీటున్న బండితో సరిపెట్టుకోవాలి. కానీ ఫిట్స్ వచ్చిన గర్భిణిని, రక్తం పోతున్న తల్లిని కూర్చోబెట్టి తీసుకెళ్లడం సాహసమే. గర్భిణిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టగలిగే బండి కావాలి.

మందుల సంగతి మరీ అన్యాయం. కాన్పు తర్వాత రక్తస్రావాన్ని ఆపే ఇంజెక్షన్ ఆక్సిటోసిన్ 2–8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఎండలో నిలిపిన బండి పెట్టెలో వారాల తరబడి పడి ఉన్న ఇంజెక్షన్‌ను నమ్ముకోలేం. ఐస్‌ప్యాకులున్న వ్యాక్సిన్ క్యారియర్ వెంట ఉండాలి. లేదంటే అదే పనికి వాడే, చల్లదనం అక్కర్లేని మిసోప్రోస్టాల్ మాత్రలు, అవీ తేమ తగలకుండా స్ట్రిప్పులోనే. ఫిట్స్ కేసులో వాటిని అదుపు చేసే మెగ్నీషియం సల్ఫేట్ తొలి మోతాదును, నరానికి ఎక్కించే వీలు లేకుంటే రెండు పిరుదుల్లో ఐదేసి గ్రాములుగా, బయలుదేరే ముందే ఇవ్వాలి. పసికందుకు చలిగాలే పెద్ద ముప్పు. తడి తుడిచి, టోపీ పెట్టి, తల్లి ఒంటికి ఒళ్లు ఆనేలా గుడ్డతో కట్టాలి. ముక్కు, నోరు మాత్రం తెరిచే ఉండాలి.

సిజేరియన్, రక్తం అందుబాటులో లేని ఆసుపత్రి గుమ్మంలో దింపితే ఈ పరుగంతా వృథా. అందుకే బండి కదలకముందే అవతలి ఆసుపత్రికి ఫోన్ వెళ్లాలి. ఆరోగ్య కేంద్రం సిబ్బంది సొంత పనులకు వాడి ట్యాంకు ఖాళీ చేసిన బండి అర్ధరాత్రి కదలదు. తాళంచెవికీ పెట్రోలుకూ లెక్క చెప్పే మనిషి ఒకరుండాలి. ఎన్ని బండ్లు ప్రారంభించారన్నది మాకు అనవసరం. ఫోన్ వచ్చిన సమయం, బయలుదేరిన సమయం, తల్లి దగ్గరకు చేరిన సమయం, ఆసుపత్రికి అప్పగించిన సమయం: ఈ నాలుగూ ప్రతి కేసుకూ రాసి నెలనెలా బయటపెట్టని చోట కొత్త బండ్లు మంజూరు చేయొద్దు.