ఎనిమిది గ్లాసుల లెక్క ఎక్కడిది?

"రోజుకు ఎనిమిది గ్లాసుల నీళ్లు తాగకపోతే కిడ్నీలు పాడవుతాయి. టీ, కాఫీ లెక్కలోకి రావు. దాహం వేసిందంటే ఒళ్లు అప్పటికే ఎండిపోయినట్టే. ఎంత ఎక్కువ తాగితే అంత మంచిది." వాట్సాప్‌లో ఏళ్ల తరబడి తిరుగుతున్న మెసేజ్ ఇది. పంపేవాళ్లు మన మంచి కోరే పంపుతారు. కానీ ఇది కొందరికి నిజంగా ప్రమాదం.

ముందు ఆ ఎనిమిది సంగతి. 1945లో అమెరికాలోని ఫుడ్ అండ్ న్యూట్రిషన్ బోర్డు పెద్దవాళ్లకు రోజుకు సుమారు 2.5 లీటర్ల నీరు కావాలని రాసింది. అందులో ఎక్కువ భాగం తినే ఆహారంలోనే ఉంటుందని కూడా ఆ వెంటనే రాసింది. ఎనిమిది గ్లాసుల మాట ఇక్కడే పుట్టి ఉంటుందని చాలామంది అంటారు. అదే నిజమైతే, మొదటి మాట ఊరంతా తిరిగింది, రెండోది కాగితం మీదే ఉండిపోయింది. పుచ్చకాయ, దోసకాయల్లో 90 శాతానికి పైగా నీరే కదా! 2002లో హైంజ్ వాల్టిన్ అనే కిడ్నీ నిపుణుడు పాత పరిశోధనలన్నీ వెతికి చూశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లంతా ఎనిమిది గ్లాసులు తాగి తీరాలనడానికి ఆధారం ఆయనకు ఎక్కడా దొరకలేదు.

టీ, కాఫీ కూడా లెక్కలోకి వస్తాయి. 2014లో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ వాళ్లు కాఫీ అలవాటున్న 50 మంది మగవాళ్లను పరీక్షించారు. కాఫీ తాగిన రోజుల్లో, నీళ్లు తాగిన రోజుల్లో ఒంట్లో నీటి పరిస్థితిలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు.

ఇక దాహం. రక్తంలో లవణాల గాఢత ఒకటి రెండు శాతం పెరిగితే చాలు, మెదడు పసిగట్టి నీళ్లు అడుగుతుంది. ఒళ్లు ఎండిపోయేదాకా ఆగదు, అంతకు చాలా ముందే హెచ్చరిస్తుంది. అయితే వయసు మళ్లినవాళ్లకు ఈ కబురు సరిగా అందదు. వాళ్లకు గుర్తు చేసి మరీ నీళ్లు ఇవ్వాలి. ఎండలో పనిచేసేవాళ్లూ, కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లూ దాహం కోసం చూడకుండా తాగాలి.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది చివరి మాట. కిడ్నీలు గంటకు దాదాపు ఒక లీటరు నీటినే బయటికి పంపగలవు. అంతకు మించి గబగబా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది, మెదడు కణాలు ఉబ్బుతాయి, ఫిట్స్ వస్తాయి, ప్రాణం కూడా పోవచ్చు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే, 13 శాతం మందికి సోడియం ఉండాల్సిన దానికంటే తక్కువగా ఉంది.

గుండె బలహీనపడినవాళ్లకు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు డాక్టర్లు తరచూ రోజుకు ఇన్ని మిల్లీలీటర్లే తాగాలని హద్దు పెడతారు. నోరు పిడచగట్టుకుపోతున్నా వాళ్లు ఐసు ముక్క చప్పరించి ఓర్చుకుంటారు. కిడ్నీలు బాగుండాలంటే ఇంకా తాగమనే ఈ మెసేజ్ వాళ్ల ఫోన్లకూ వెళ్తోంది.