ఏప్రిల్‌లో ఆదరణ, జూన్‌లో నిరాకరణ

మాట, నడవడి, నలుగురితో కలిసే తీరు వేరుగా ఉండే ఎదుగుదల స్థితి ఆటిజం. దాన్ని నయం చేయాలా, ఉన్నది ఉన్నట్టుగా అంగీకరించాలా అన్న వాదన ఎంత పెద్ద గొంతుతో సాగుతున్నా, ఆటిజం ఉన్న బిడ్డను చేయిపట్టుకుని బడి గుమ్మం ఎక్కిన తల్లికి ఎదురయ్యే జవాబు మాత్రం మారడం లేదు. ఏప్రిల్ 2న ప్రపంచ ఆటిజం అవగాహన దినోత్సవం పేరిట నీలిరంగు చొక్కాలు తొడిగి, ప్రదర్శన తీసి, ‘వీరూ మన పిల్లలే’ అని బ్యానర్లు పట్టించే విద్యాసంస్థలే జూన్‌లో తలుపులు తెరవగానే ‘మీ బాబుకు సరిపడే వసతులు మా దగ్గర లేవండీ’ అంటున్నాయి. విజయవాడ, గుంటూరు నగరాల్లో ఈ మాట విని వెనుదిరగని ఆటిజం కుటుంబాన్ని వెతికి పట్టుకోవడం కష్టం. ఈ రెండు నాల్కల తీరును ఇంకా మర్యాదగా చూస్తూ ఊరుకోవడం మా వల్ల కాదు.

1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజాన్ని వైద్య ప్రపంచానికి వివరించిన తరవాత కొన్ని దశాబ్దాలపాటు, బిడ్డ ఇలా కావడానికి తల్లి ప్రేమరాహిత్యమే కారణమని నిపుణులనేవారే నిందించారు. ఆ నింద అబద్ధమని తేలింది. ఆటిజంలో జన్యువుల పాత్ర ప్రధానమని కవలలపై జరిగిన అధ్యయనాలు చూపాయి. 1993లో టొరంటోలో జరిగిన ఆటిజం సదస్సులో, స్వయంగా ఆటిజం ఉన్న జిమ్ సింక్లెయిర్, ఆటిజాన్ని మనిషి నుంచి వేరుచేసి చూడటం సాధ్యం కాదని తల్లిదండ్రుల ఎదుటే వాదించారు. అంగీకార ఉద్యమానికి ఆ ప్రసంగం ఊపిరి పోసింది.

మాట రాని, రాత్రంతా నిద్రపోని, తలను గోడకు బాదుకునే బిడ్డను సాకుతున్న తల్లిదండ్రులు ‘నయమైతే బాగుండు’ అనుకోవడాన్ని తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు. మూర్ఛలకు మందులు, నిద్రలేమికి వైద్యం, మాటకు స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు నేర్పేందుకు ఆక్యుపేషనల్ థెరపీ ఆ బిడ్డకు అంది తీరాలి. అంగీకారమంటే వైద్యం మానేయడమని మేము అనుకోవడం లేదు. కానీ ఆటిజాన్నే మాయం చేసే మందు నేటికీ లేదు. ఈ నిజాన్ని దాచి ‘పూర్తిగా నయం’ అని అమ్ముకోవడం వైద్యం అనిపించుకోదు.

ఆటిజానికి మూలకణ చికిత్సను సిఫార్సు చేయలేమనీ, దాన్ని ప్రచారం చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి వస్తుందనీ జాతీయ వైద్య కమిషన్‌కు చెందిన నైతిక విలువల బోర్డు 2022 డిసెంబరులో తేల్చిచెప్పింది. ఒంట్లోని లోహాలను కడిగేస్తామనే కీలేషన్ చికిత్స 2005లో అమెరికాలో అయిదేళ్ల బాలుడి ప్రాణం తీసింది. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని ప్రచురించిన లాన్సెట్ పత్రికే 2010లో దాన్ని ఉపసంహరించుకుంది. అయినా పుస్తెలతాడు కుదువపెట్టి మరీ ఇలాంటి చికిత్సలకు పరుగెత్తే తల్లులున్నారంటే, వారి తెలివితక్కువతనమని తీసిపారేయడం సులువు. ‘మామూలు పిల్లాడిలా అయ్యాక తీసుకురండి’ అని పంపించే బడి గేటు దగ్గరే ఆ పరుగు మొదలవుతోందని ఒప్పుకోవడమే కష్టం. నిరాకరణ పెరిగేకొద్దీ నయం చేస్తామనే దుకాణానికి గిరాకీ పెరుగుతుంది. అంగీకారం గురించి ఉపన్యసించే సంస్థలే తెలిసో తెలియకో ఆ దుకాణానికి దారి చూపిస్తున్నాయి. ‘పూర్తిగా నయం’ అనే ప్రకటనలను చూసీ చూడకుండా అచ్చువేసే పత్రికలకూ ఈ పాపంలో వాటా ఉంది.

వసతులు లేవనడం పాఠశాలల దయాదాక్షిణ్యాలకు సంబంధించిన విషయం కాదు. 1995 నాటి చట్టం ఆటిజాన్ని విస్మరించినా, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం తాను గుర్తించిన 21 వైకల్యాల్లో దానికి చోటిచ్చింది. ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలే కాక, ప్రభుత్వ గుర్తింపు పొందినవి కూడా వివక్ష లేకుండా పిల్లలను చేర్చుకునేలా చూడాలని 16వ సెక్షన్ నిర్దేశిస్తోంది. చట్టాన్ని తొలిసారి ఉల్లంఘిస్తే 10,000 రూపాయల వరకు, ఆపైన ప్రతిసారీ 50,000 నుంచి 5 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చని 89వ సెక్షన్ చెబుతోంది. ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న ప్రతి పదిమందికీ, ఆపై తరగతుల్లో ప్రతి పదిహేనుమందికీ ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మరి విద్యాశాఖ అధికారులు తనిఖీలకు వెళ్లినప్పుడు ఫీజుల పట్టిక, అగ్నిమాపక పత్రం అడిగినట్టు, ‘ఎందరు ఆటిజం పిల్లలను చేర్చుకున్నారు, ఎందరిని తిప్పి పంపారు’ అని ఎందుకు అడగరు? అడగనివారు ఏప్రిల్ 2న వేదికలెక్కి జ్యోతి వెలిగించడం ఏ తరహా అంగీకారం?

కృష్ణకు అటూ ఇటూ ఉన్న ఈ రెండు నగరాలూ ర్యాంకుల చదువుకు పేరు మోశాయి. ఆరో తరగతి నుంచే ఐఐటీ పునాది వేస్తామనే చోట, గణితం బాగా వచ్చినా గంట మోగితే చెవులు మూసుకునే పిల్లాడికి స్థానం దొరకదు. ఆ బిడ్డకు కావలసినవి కోట్లు ఖరీదు చేసే భవనాలేమీ కావు. గోల తక్కువగా ఉండే ఒక మూల, రోజు ఎలా గడుస్తుందో ముందుగా చూపించే బొమ్మల పట్టిక, మాట రానప్పుడు చూపించడానికి కార్డులు, ఎగతాళిని ఆపగల టీచరు ఉంటే చాలావరకు సరిపోతుంది. ఏసీ తరగతి గదులకు డబ్బున్న సంస్థ దీనికి లేదంటే నమ్మాలా?

ప్రభుత్వాల తీరూ వేరుగా లేదు. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లల్లో ఎదుగుదల లోపాలను పసిగట్టడానికి 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. దాని కింద ఏర్పడాల్సిన సత్వర చికిత్స కేంద్రాల్లో థెరపిస్టులే లేకపోతే మాచర్ల నుంచో తిరువూరు నుంచో బస్సెక్కి వచ్చే తల్లికి దక్కేది తిరుగు టికెట్టే. వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరాల్లో జనం మధ్య, హోరు మధ్య, ఆ బిడ్డను గంటల తరబడి నిలబెట్టి వైకల్య శాతం లెక్కగట్టడం అంతకు మించిన క్రూరత్వం.

వచ్చే ఏప్రిల్‌లో నీలి దీపాలు పెట్టదలచిన ప్రతి పాఠశాలా ముందుగా తన గేటు మీద రెండు అంకెలు రాయాలి: హాజరుపట్టీలో ఉన్న ఆటిజం పిల్లలెందరు, నిరుటి జూన్‌లో వెనక్కి పంపినవారెందరు. అవి రాయడానికి సిగ్గుపడే యాజమాన్యాలు ఆ రోజు దీపం ముట్టుకోవద్దు. తమ గేటు దగ్గర నుంచే ఏడుస్తూ వెళ్లిన తల్లిని తమ ర్యాలీ ముందు నిలబెట్టి ఫొటో తీయించుకోవద్దు.