ఎపిడ్యూరల్‌లోకి ఇంకో మందు

(కర్నూలు, నంద్యాల చెక్‌పోస్టు దగ్గరి ఓ నర్సింగ్‌హోమ్. కాన్పు నొప్పి తెలియకుండా వెన్నులోకిచ్చే ఎపిడ్యూరల్ సూదిమందులో, నల్లమందు జాతి ఫెంటనిల్ బదులు డెక్స్‌మెడిటోమిడిన్ కలుపుదామంటుంది మత్తు డాక్టరమ్మ. కాన్పు గదిలోనే తల నెరిసిన సిస్టరమ్మ ఒప్పుకోదు.)

సిస్టరమ్మ: బుపివకైన్, ఫెంటనిల్‌తో బాగనే జరుగుతాంది కదా మేడమ్. కొత్తది ఎందుకు?

డాక్టరమ్మ: నిన్నటి ఆదోని అమ్మాయిని మీరే చూసినారు కదమ్మా. నొప్పి తగ్గింది గానీ ముక్కు, చెంపలు కందిపోయేదాకా గోక్కునింది. అది ఫెంటనిల్ దురద. పోనీ తిమ్మిరెక్కించే బుపివకైన్ ఒక్కటే ఇద్దామంటే డోసు పెంచాల. పెంచితే కాళ్లు బరువెక్కుతాయి, ముక్కమన్నప్పుడు ముక్కలేదు. ఈ డెక్స్‌మెడిటోమిడిన్ నల్లమందు జాతి కాదు. వెన్నుపాములో నొప్పిని వేరే దోవలో అడ్డుకుంటుంది. బుపివకైన్ తక్కువతోనే పని అవుతుంది, వణుకూ తగ్గుతుంది. ఇంకోటి, ఫెంటనిల్ 1985 నాటి మత్తుమందుల చట్టం కిందికొస్తుంది. 2014లో సవరించి కొంత సులువు చేసినా రిజిస్టరు, తాళం, లెక్క తప్పవు. ఆ తిప్పలు పడలేని చిన్న ఆస్పత్రికి పోయిన ఆడబిడ్డ నొప్పి తినాల్సిందేనా?

సిస్టరమ్మ: దురదతో ఎవరూ చావరు మేడమ్. ఈ కొత్త మందుతో తల్లి బీపీ పడితే బిడ్డ గుండె వేగం తగ్గుతుంది. దీని జాతిదే కదా క్లోనిడిన్? ఎపిడ్యూరల్‌గా కాన్పులో మామూలుగా వాడొద్దని అమెరికాలో దానిమీద పెద్ద హెచ్చరికే ఉందని మీరే చెప్పినారు. దీని సీసా మీద వెన్నులోకి అని రాసుందా?

డాక్టరమ్మ: లేదు. నరంలోకి ఇచ్చే మత్తుకే అనుమతి. మీ మాట కొట్టిపారేసేది కాదు. అందుకే కొంచెమే, అదీ తల్లికి చెప్పి, ఒప్పుకుంటేనే.

సిస్టరమ్మ: చెప్పేది తల్లికా, అత్తకా? మొన్న జన్మంతా నడుంనొప్పి ఉంటాదని సూదే వద్దనింది అత్త.

డాక్టరమ్మ: ఆ సూదితో జన్మంతా నడుంనొప్పి రాదని ఎన్నిసార్లు చెప్పాల! నొప్పి కోడలిది, సంతకం కోడలిది. అత్తను బయట కూర్చోబెట్టాల్సింది మీరు.

సిస్టరమ్మ: అన్నీ నేనే! రాత్రి ముగ్గురు కాన్పులకు నేనొక్కదాన్ని. అయిదు నిమిషాలకోసారి బీపీ ఎవరు చూడాల?

డాక్టరమ్మ: మొదటి అరగంట నేనే మంచం పక్కన ఉంటా. బీపీ పడితే పెంచేదానికి ఎఫిడ్రిన్ సిరంజిలోకి తీసి ట్రేలో పెడతా.

సిస్టరమ్మ: ఆ తర్వాత?

డాక్టరమ్మ: ...మీకు తోడు ఇంకో సిస్టరును వేసేదాకా రాత్రిళ్లు మొదలుపెట్టను. పగటి కాన్పులకే.

సిస్టరమ్మ: ఆ మాట డ్యూటీ రిజిస్టర్లో రాయండి మేడమ్. పెన్ను ఇదిగో.