సవరణ: జామ గాలి అంటులో బెరడు తొలగింపు గురించి

జామ, దానిమ్మ కొమ్మలకు గాలి అంటు కట్టే (కొమ్మ చెట్టుపై ఉండగానే దానికి వేర్లు పుట్టించే) విధానంపై ఇంతకు ముందు ప్రచురించిన టపాలో "కొమ్మ బెరడుపై కత్తితో గాటు పెట్టి, తడి నాచు చుట్టాలి" అని ఉంది. ఆ వాక్యాన్ని ఇలా సవరించి చదవాలి: పెన్సిలు మందం ఉన్న ఆరోగ్యమైన కొమ్మపై, ఒక కణుపుకు కాస్త దిగువన, సుమారు రెండున్నర సెంటీమీటర్ల వెడల్పున బెరడును ఉంగరంలా చుట్టూ పూర్తిగా తీసివేయాలి, ఆపై కనిపించే జిగురు పొరను కత్తి మొనతో గీకి శుభ్రం చేసి, తడి నాచు చుట్టాలి.

ఈ తేడా చిన్నది కాదు. ఆకుల్లో తయారైన చక్కెరలు, వేర్లను పుట్టించే ఆక్సిన్లు అనే హార్మోన్లు బెరడు గుండానే కిందికి దిగుతాయి. ఉంగరం తీసినచోట వాటి దారి తెగిపోవడంతో పై అంచు దగ్గర పోగుపడి, అక్కడే వేర్లు పుట్టేందుకు తోడ్పడతాయి. నీరు మాత్రం లోపలి దారువు (కలప భాగం) గుండా పైకి వెళుతూనే ఉంటుంది కాబట్టి కొమ్మ ఎండదు. జిగురు పొర మిగిలితే బెరడు తిరిగి పెరిగి ఆ ఖాళీని కలిపేయవచ్చు, అప్పుడు వేరు రాకపోవచ్చు. అంటు విఫలమైతే చాలామంది నాచునో వానలనో తప్పుపడతారు గాని, ముందుగా చూడవలసింది ఈ గీకుడునే.

వేరు హార్మోను వాడేవారు దానిని ఉంగరం పై అంచుకే రాయాలి. తల్లిచెట్టు నుంచి వేరుచేసేటప్పుడు కోత ఉంగరానికి దిగువన పడాలి.

ఆ టపాలోని "అంటు కింద వచ్చే చిగుళ్లను తుంచాలి" అన్న సూచన వేరుమొక్కపై (వేర్లను అందించే మరో అడుగు మొక్కపై) కట్టే మామిడి అంట్లకు చెందినది; సొంత వేర్లపై పెరిగే గాలి అంటు మొక్కలకు అది వర్తించదు.